ఇటలీ కారు, జపాను కారు, నాన్న కారు

1996 డిసెంబరు 2, సోమవారం

ఈ ఉదయం కారు మీద మంచు. బానెట్టు మీద పిల్లి అడుగులు, అద్దం మీద పిల్లి అడుగులు, టాపు మీద పిల్లి అడుగులు. దిగిన అడుగులు లేవు. చుట్టూ తిరిగి చూశాను. పిల్లీ లేదు.

దసరా నుంచి కారు కదల్లేదు. నాన్నకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషను వేసవిలో అన్నారు డాక్టరు. అప్పటిదాకా స్టీరింగు ముట్టుకోవద్దన్నారు. మా బట్టల కొట్టుకు అనకాపల్లి సరుకు ఇప్పుడు ఆటోలో వస్తోంది. అన్నయ్య వాజిద్‌కు విశాఖపట్నం పోర్టులో ఉద్యోగం, ఎప్పుడో గాని రాడు. తోలేవాళ్లు లేని కారు గుమ్మం ముందు ఎందుకని అమ్మ. నెలాఖరు ఆదివారం కె.కోటపాడు నుంచి గణపతిరావు గారనే బెల్లం వ్యాపారి బేరానికి వస్తారు.

"అస్మా తోల్తే ఉంచుదుం" అన్నారు నాన్న.

"అదా? అది ఇంటికొచ్చినోళ్లకి మంచినీళ్లివ్వడానికే తలుపు సాటు నుంచి సెయ్యి సాపుతాది" అంది అమ్మ.

నిజమే. నేను ఇంట్లో మాట్లాడను. కారులో మాట్లాడతాను. కాన్వెంటు హాస్టలు నుంచి శనివారాలు నాన్న నన్ను తీసుకొచ్చేటప్పుడు చోడవరం వచ్చేదాకా నోరు మూసేదాన్ని కాదు. కారులో అందరూ ముందుకే చూస్తారు. ఎవరి ముఖమూ ఎదురుగా ఉండదు. ఆ కారు పోతే ఇంక ఎక్కడ మాట్లాడాలో నాకు తెలియదు.

అందుకని తీర్మానం.

ఒకటి: గణపతిరావు గారు వచ్చేలోగా కారు నేర్చుకోవడం. రోజూ పొద్దున్నే, నాన్న పక్కన.

రెండు: కారు పత్రికలు చదవడం మానేయడం.

విదేశీ ఓడల వాళ్లు పోర్టులో వదిలేసిన ఇంగ్లీషు పత్రికలను అన్నయ్య బస్సు కండక్టరు చేత పంపిస్తాడు. చాలా కాలంగా చదువుతున్నాను. ఇటలీ కారు మలుపులో ఎలా జారుతుందో నాకు తెలుసు. క్లచ్చి ఏ కాలితో తొక్కాలో తెలియదు. సిగ్గుచేటు. పత్రికలన్నీ కలిపి కొబ్బరి తాడుతో కట్ట కట్టాను. రెండు ముళ్లు.

డిసెంబరు 3, మంగళవారం

ఎడమ కాలు!

కారు కదిలింది. నాన్న చెవులతో నేర్పుతున్నారు.

"ఇంజను ఏడస్తంది, గేరు మార్చమ్మా."

మార్చాను.

"ఇప్పుడు బాగుంది. ఎదర ఏటుంది?"

"గేదె నాన్నా."

"ఎంత దూరం?"

"ఇక్కడే."

"మరి బ్రేకు తొక్కవేటే?"

తొక్కాను. గేదె వెళ్లిపోయింది. ఇంజను ఆగిపోయింది. అయినా కదిలింది కదా.

పత్రికలు ముట్టుకోలేదు. తాడు సరిగ్గా ఉందో లేదో మాత్రం చూశాను.

డిసెంబరు 5, గురువారం

మెయిన్ రోడ్డు మలుపు దాకా వెళ్లాను. వెనకా ముందూ నాన్న వేయించిన ఎర్ర ఎల్ అక్షరం. పక్కింటి అచ్చియ్యమ్మ గారు ముగ్గు వేస్తూ లేచి నిలబడ్డారు.

"ఓలమ్మ, రజాకు గారి గుంట కారు తోల్తంది సూడండే. నోట్లో నాలిక నేదనుకున్నాం. కాళ్లున్నాయి."

చెవులు వేడెక్కాయి. కారు గుంతలో పడి లేచింది. నాన్న నవ్వుతూనే ఉన్నారు.

రేపు మూడో గేరు.

డిసెంబరు 8, ఆదివారం

ఒక చిన్న సందేహం. క్లచ్చి సగం వదిలినప్పుడు కాలు వణుకుతోంది. అది తప్పా? ఎవరినడుగుతాను? ఒక్క పేజీ చూడటానికి కట్ట విప్పాను. ఇది చదవడం కాదు, చదువుకోవడం.

ఆ పేజీ రెండు కార్లను పోల్చిన వ్యాసంలో ఉంది. రాసినాయన రెండు కార్లనూ కొన్నాళ్లు తోలి చూశాడు. ఇటలీ కారు ఎర్రది. తలుపులు పైకి లేస్తాయి, ఇంజను వీపు వెనకే ఉరుముతుంది. దాని క్లచ్చి తొక్కితే ఆయన కాలు కూడా వణికిందట. వెనక ఏముందో అద్దంలో కనపడదు. వెనక్కి తీయాలంటే తలుపెత్తి గడప మీద కూర్చుని మెడ తిప్పి చూడాలి. జపాను కారు వెండి రంగుది. క్లచ్చి మెత్తన, అన్ని వైపులా కనపడుతుంది, పాలు తేవడానికైనా వేసుకు పోవచ్చు. అయితే దిగాక వెనక్కి తిరిగి చూడబుద్ధి కాలేదట.

సంతోషానికి ఇటలీది, రోజూ వాడకానికి జపానుది. అలా తేల్చాడు.

అలా ఎలా తేలుస్తాడు?

డిసెంబరు 9, సోమవారం

మంచు. వెళ్లలేదు.

ఆయన తేల్చింది ఆయన ఊరికి. చోడవరానికి నేను తేల్చాను.

ఇంటి ముందు కాలువ మీది పలక: ఇటలీ కారు పొట్ట తగులుతుంది. జపానుదీ తగులుతుంది, కాస్త మర్యాదగా.

అమ్మ ఎక్కడం: ఇటలీ తలుపు పైకి లేస్తుంది. అమ్మ బురఖా దాంతోపాటే లేస్తుంది. జపాను కారుకు మార్కు.

సరుకు: ఇటలీ కారులో ఒక చీరల మూట. జపాను కారులో రెండు, గట్టిగా కుక్కితే.

చుట్టాలు: రెండింటికీ వెనక సీటు లేదు. రెండింటికీ మార్కు.

డిసెంబరు 12, గురువారం

వెళ్లాను. రోడ్డు సరిగ్గా కనపడలేదు. మంచు అని నాన్నకు చెప్పాను. మంచు అంతగా లేదు.

కట్టలోంచి నాలుగైదు పత్రికలు నా దిండు దగ్గరికి వచ్చాయి.

డిసెంబరు 13, శుక్రవారం

నాన్న నమాజుకు వెళ్లాలి. అది మధ్యాహ్నం. అయినా శుక్రవారం శుక్రవారమే.

డిసెంబరు 16, సోమవారం

తలనొప్పి. నిన్నా మొన్నా కూడా ఇదే అనుకోవచ్చు.

"పొద్దున్నే లెగిసి కారు తుడుస్తన్నావు, తోలవు. దానికి జ్వరమా, నీకా?" అంది అమ్మ.

డిసెంబరు 18, బుధవారం

కట్టలో మూడే మిగిలాయి. తీర్మానంలో మొదటి భాగం ఇంకా ఉంది. రెండోది అంత ముఖ్యం కాదని ఇప్పుడు అనిపిస్తోంది.

డిసెంబరు 20, శుక్రవారం

శుక్రవారమైనా వెళ్లాను. వెళ్లకపోతే బాగుండేది.

చక్కెర ఫ్యాక్టరీ రోడ్డు. చెరుకు క్రషింగు నడుస్తోంది కాబట్టి రోడ్డు వారగా చెరుకు బళ్లు బారులు తీరి ఉన్నాయి. నాకు స్టీరింగు పైన కొంచెం ఆకాశం, కొంచెం చెరుకు ఆకు కనపడుతున్నాయి. ముందు ఒక బండి మెల్లగా పోతోంది.

"ముందు బండి కదిల్తే నువ్వూ కదులు. ఆగితే ఆగు" అన్నారు నాన్న.

అలాగే చేశాను. బండి ఆగితే ఆగాను, కదిలితే కదిలాను. ఒక్కసారీ ఇంజను ఆగలేదు. ఎంత బాగా వచ్చేసిందో అనుకుంటున్నాను. నాన్న గాలి పీల్చారు.

"అమ్మా, చెరుకు రసం వాసనొస్తంది. మనం ఎక్కడున్నాం?"

తూకం వరసలో ఉన్నాం. ముందు బండి, వెనక బండి, కుడిపక్క ట్రాక్టరు, ఎడమపక్క గోడ. టోకెన్ల ప్రకారం కదిలే వరస అది. ఒకసారి లోపల పడితే బళ్లు తూచే కాటా మీదుగా తప్ప బయటికి దారి లేదు. రివర్సు నాకు రాదు. వచ్చినా వెనక ఎడ్లున్నాయి.

వెనక బండి మీద బుచ్చయ్యపేట వైపు ఆవిడ ఒకరు, నరసమ్మ అట. బండి మీదే నిలబడ్డారు.

"ఓ గుంటా, టోకెన్నేకండా ఎలా దూరీసేవు? మా ఎడ్లు నిన్నటి నుంచి నిలబడున్నాయి."

నేను స్టీరింగు వెనక ఇంకా కిందికి జారాను. నాన్న కిటికీలోంచి తల బయటికి పెట్టారు.

"తప్పయిపోనాది తల్లీ. దారి తెలీక వచ్చీసేం."

"వచ్చేరు బాగానే ఉంది. ఎంత సెరుకు తెచ్చేరు?"

వరసంతా నవ్వింది. ఎవరో ఒక గడ విరిచి మా వెనక సీట్లో పడేశారు.

"ఇదిగో, ఇప్పుడు మీకూ లోడుంది. పదండి."

కాటా దగ్గర పెదబాబు అనే అతను ముందు కారును చూశాడు, తర్వాత ఎల్ అక్షరాన్ని చూశాడు.

"ఎక్కించీండమ్మా. వెనక బళ్లు ఆగిపోతన్నాయి."

ఎక్కించాను. ఒక్క కుదుపు లేదు. ఈ నెలలో నేను బాగా తోలింది ఆ కాటా మీదికే. అతను బరువు గట్టిగా చదివాడు.

"సెరుకు రకం ఏటి?"

"పాత రకవే, బాబూ" అన్నారు నాన్న.

గడ అమ్మకిచ్చాను. ఎక్కడిదంది. కారు తుడవడానికి వెళ్లిపోయాను.

డిసెంబరు 21, శనివారం

పత్రికల్లో ప్రతి కారు బరువూ వేస్తారు. చోడవరంలో ఎవరి కారు బరువూ ఎవరికీ తెలియదు. నాన్న కారుది నాకు తెలుసు! నన్నూ నాన్ననూ చెరుకు గడనూ తీసేస్తే అది ఇటలీ కారు కన్నా చాలా తేలిక. జపానుదాని కన్నా కూడా. తేలికైన కారే తోలడానికి సంతోషమని అన్ని పత్రికలూ అంటాయి.

నాన్నకు చెప్పాను.

"అయితే మనదే గెలిచిందన్నమాట."

"సంతోషంలోనే నాన్నా. వేగంలో కాదు."

"వేగం ఎవులికి కావాల? ఎదర గేదె ఉంటాది."

డిసెంబరు 27, శుక్రవారం

ఇన్నాళ్లూ బయటికి వెళ్లలేదు. గుమ్మంలోకి వస్తే చాలు, ఎంత తూగేవమ్మా అని అడుగుతున్నారు. అచ్చియ్యమ్మ గారు రెండుసార్లు అడిగారు.

పత్రికలు: అన్నీ అయిపోయాయి.

తీర్మానం: అదీ అయిపోయింది.

డిసెంబరు 29, ఆదివారం

గణపతిరావు గారు వచ్చారు. తెల్ల బట్టలు, మంచి మనిషి. ఆయనకు తోలడం రాదు. డ్రైవరుకు జ్వరమని బస్సులో వచ్చారు. నాన్నకు చూపు లేదు. కారు నడిపి చూపించాలి.

అందరూ నా వైపు చూశారు.

లోపలికి వెళ్లి పత్రికలన్నీ పోగుచేసి మళ్లీ కట్ట కట్టాను. అప్పుడు వచ్చి ఎక్కాను. రోడ్డు చక్కగా కనపడింది. గణపతిరావు గారు నా పక్కన, నాన్న వెనక.

"ఏటమ్మా, బండి మంచిదేనా?"

ఆయన ముఖం ఎదురుగా లేదు. ఎదురుగా రోడ్డుంది. అందుకని జవాబు వచ్చింది.

"దేనికండీ? సంతోషానికా, రోజూ వాడకానికా?"

"రెండూ ఒకటి కావేటి?"

"కావండి."

అక్కడి నుంచి ఆగలేదు. ఇటలీ కారు చెప్పాను, జపాను కారు చెప్పాను, పైకి లేచే తలుపులు చెప్పాను. ఆయన ఊ కొడుతున్నారు. రెండో గేరు, మూడో గేరు. తర్వాత మీ ఇంట్లో ఎందరని అడిగాను.

"ఎనమండుగురం."

"పట్టరండి. డిక్కీలో ఏం వేస్తారు?"

"బెల్లం దిమ్మలు."

"వానొస్తే డిక్కీ కారుతుందండి. కరిగిపోతాయి."

వెనక నాన్న దగ్గారు.

"హారను మలుపులో దానంతటదే మోగుతుంది. చలికాలం మొదటిసారికి స్టార్టు కాదు. మీ పక్క తలుపు లోపలి నుంచి తెరుచుకోదు."

"అమ్మాయ్, నువ్వు కారు అమ్మతన్నావా, ఆపతన్నావా?"

"మీరు అడిగారని చెబుతున్నానండి."

"మరి సంతోషానికి ఎన్ని మార్కులు?"

"పదికి తొమ్మిది" అన్నాను. ఒక మార్కు గేదెలకు తీసేశాను.

ఇంటి దగ్గర ఆయన దిగబోయారు. తలుపు తెరుచుకోలేదు. నేను దిగి అటు తిరిగి వెళ్లి బయటి నుంచి తీశాను.

"నిజవే సెప్పేవు" అన్నారు ఆయన. "రజాకు గారూ, నాకు జీపు నయం. ఈ బండి మీ గుంటకే పనికొస్తాది."

అమ్మ పెట్టిన టీ తాగి బస్సుకు వెళ్లిపోయారు.

"ఏటి సెప్పేవే ఆయనకి?" అంది అమ్మ.

"ఉన్నవే చెప్పానమ్మా."

"దీన్ని కొట్లో కూకోబెడితే ఒక్క చీర అమ్ముడవదు" అన్నారు నాన్న. కళ్లు తుడుచుకుంటున్నారు, నవ్వి.

అమ్మ నవ్వలేదు. "సరే, ఉండనీ. ఆటో మానిపించెస్తన్నాను. రంజాను ముందర అనకాపల్లి నుంచి సరుకు రావాల. నువ్వు తోల్తావా, ఇంకో బేరం సూడమంటావా?"

"తోల్తాను" అన్నాను.

నడింట్లో, అమ్మ ముఖంలోకి చూసి చెప్పాను. కారులో కాదు.

1997 జనవరి 1, బుధవారం

టాపు మీద మళ్లీ పిల్లి అడుగులు. ఈసారి దిగినవి కూడా ఉన్నాయి.

కొత్త తీర్మానం.

ఒకటి: రివర్సు.

రెండు: అనకాపల్లి. చెరుకు బళ్ల వెనక పోకూడదు.

మూడు: పత్రికల కట్ట విప్పకూడదు. ఈసారి తాడు నమ్మలేదు. గోనె సంచిలో పెట్టి దబ్బనంతో మూతి కుట్టేశాను.

కుట్టాక కండక్టరు చేత అన్నయ్య పంపిన కొత్త పత్రిక వచ్చింది. అట్ట మీద ఇటలీ కారు, పక్కన జర్మనీ కారు. ఏది గెలిచిందో చూడలేదు. కుట్టు విప్పి, దాన్ని కూడా లోపల పెట్టి, మళ్లీ కుట్టేశాను. ఇప్పుడు సంచి ఇంకొంచెం ఎత్తయింది. మంచిదే.

నేను పొట్టి. డ్రైవరు సీట్లో ఆ పత్రికల కట్ట వేసుకుని దాని మీద కూర్చుంటేనే నాకు రోడ్డు కనపడుతుంది.