మూడు వందల మాట

జగిత్యాల జిల్లా మల్లాపూర్‌లో ఉంటున్న తాళ్లపల్లి గౌరవ్వ, భర్త కీర్తిశేషులు ముత్యం, వయసు అరవై ఎనిమిది, వృత్తి బీడీలు చుట్టడం, అనే నేను ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. మోకాళ్లు పోయాయి గానీ మతి పోలేదు. ఎవరు ఏం ఇచ్చారో, ఏం ఇవ్వలేదో అన్నీ గుర్తున్నాయి.

1. దీన్ని అమలు చేయవలసినది కోరుట్ల బ్యాంకులో పనిచేసి రిటైరైన సామేలు గారు. ఆయన నాకు చుట్టం కాదు. అందుకే నమ్ముతున్నాను.

2. 1999లో నా భర్త తాటిచెట్టు మీద నుంచి పడి చనిపోయాడు. పిల్లలు లేరు. మా వాటా ఎకరంన్నర మరిది ఆగయ్యకు ఇప్పించి, నేను బతికినంత కాలం అతను నెలకు మూడు వందలు ఇవ్వాలని పెద్దమనుషులు కాగితం రాశారు. అప్పుడు ఆ డబ్బుకు ముప్పై కిలోల బియ్యం వచ్చేవి. ఇప్పుడు ఆరు. ఆగయ్య ఒక్క నెల తప్పలేదు, ఒక్క రూపాయి పెంచలేదు. అడిగినప్పుడల్లా, "కాగితంల ఏమున్నదో గదే ఇస్తున్న గద వదినా, ఎన్నడన్న మాట తప్పిన్నా?" అన్నాడు. ఆ పొలం వడ్లు మాత్రం ఏ ఏటి ధరకు ఆ ఏడు అమ్ముకున్నాడు.

3. 2014లో నా బీడీల పీఎఫ్ యాభై వేలు సామేలు గారు చెబితే సర్కారు బాండులో పెట్టాను. ధరలు ఎంత పెరిగితే అంత, ఆపైన ఏటా నూటికి రూపాయిన్నర, ఆరునెలలకోసారి అసలులో కలుపుతారు. ధరలు పెరగకపోయినా ఆ రూపాయిన్నరకు ఢోకా లేదు. పదేళ్లకు ఒకేసారి తొంభై వేలు దాటి వచ్చింది. ఆగయ్య కొడుకు జీవన్ నవ్వేవాడు: "ఎఫ్‌డీల ఏస్తే ఇంకా ఎక్కువస్తుండె పెద్దమ్మా!" నిజమే. నాకు ఎక్కువ అక్కర్లేదు. ధర పెరిగితే తన మాటనూ పెంచుకునేవాడు ఒక్కడైనా కావాలనిపించింది.

సర్కారు కూడా ధర్మానికి ఇవ్వలేదు. ధరలతో పాటు దాని పన్నుల రాబడీ పెరుగుతుంది, అందులోంచి ఇస్తుంది. ధరలు అదుపులో ఉంటే తక్కువ వడ్డీతో బయటపడుతుంది, ఎగబాకితే భారం మోస్తుంది. ఆగయ్యకు మాత్రం ధర పెరిగినకొద్దీ బాకీ కరిగిపోయింది.

4. జీవన్ నిరుడు మస్కట్‌లో చనిపోయాడు. నా కంటే ముందు పోవలసినవాడు కాదు. అతని భార్య స్వరూపది ముస్తాబాద్, వయసు ఇరవై తొమ్మిది. ఆమెకు నెలకు మూడు వేలు ఇస్తానని ఆగయ్య మళ్లీ కాగితం రాయించాడు. అందులోనూ పెరుగుదల మాట లేదు. దాన్ని చదివించుకుని విన్న రోజే ఈ వీలునామా రాయించాలనుకున్నాను.

5. బ్యాంకులో ఉన్న నా డబ్బంతా స్వరూపకే. నా బీడీల చాట, కత్తెర కూడా ఆమెకే. చుట్టడానికి కాదు, చూసి భయపడడానికి.

6. రోడ్డు మీది నా రెండు గదుల ఇల్లు ఆగయ్యకు కావాలి. ఇస్తాను. నేను పోయిన మూడు నెలల్లో స్వరూపకు రాసిచ్చిన కాగితాన్ని అతను తిరగరాయాలి. మూడు వేలకు ఈ రోజు అరవై కిలోల బియ్యం వస్తాయి. ప్రతి ఉగాదికి కోరుట్ల బజారులో అరవై కిలోలకు ఎంతయితే అంత ఇవ్వాలి. ధర పడినా మూడు వేలకు తగ్గకూడదు. అలా రాయకపోతే ఇల్లూ స్వరూపదే.

7. ఆగయ్య చివరిసారి ఇచ్చిన మూడు వందలు ఖర్చు పెట్టలేదు. పెట్టెలో, పెద్దమనుషుల కాగితంలో చుట్టి ఉన్నాయి. నా దినం నాడు బియ్యం ఆ డబ్బుతోనే కొనాలి, పైన రూపాయి కలపకూడదు. వచ్చినవాళ్లందరికీ అందులోంచే వండి, ఆగయ్య తన చేతులతో వడ్డించాలి. చాలకపోతే ఎందుకు చాలలేదో బంతిలో కూర్చున్నవాళ్లకు అతనే చెప్పాలి.

చదివించి విని, సరిగా ఉందని ఒప్పుకుని 2025 నవంబరు 12న మల్లాపూర్‌లో చేసిన సంతకం:

తాళ్లపల్లి గౌరవ్వ

సాక్షులు:
దుర్గవ్వ, బీడీ కార్మికురాలు, మల్లాపూర్
దశరథం, కిరాణా దుకాణం, కోరుట్ల (ఈ రోజు బియ్యం ధర చెప్పినది ఇతనే)