పేరు లేని నావికుడికి పండగ రొట్టెలు

అన్ఫూషీ, అలెగ్జాండ్రియా
పండగ రెండో రోజు

మా ఇన్సాఫ్ వదినకు,

నోరు తప్ప వేరే ఆస్తి లేని నీ మరిది ముర్సీ సలాములు. సూయజ్‌లో మీ అక్క విరిగిన కాలు అతుక్కుందా? ఆవిడ నోరు ఎప్పుడూ విరగదు కనక దాని సంగతి అడగను.

వదినా, నవ్వించడం ఇంతటితో ఆపుతున్నాను. ఈ ఉత్తరం చివరిదాకా చదివి, నన్ను మీ గుమ్మం తొక్కనిస్తావో లేదో నువ్వే తేల్చుకో. నాలుగో తరగతితో బడి నన్ను వదిలించుకుంది, రాయడం నాకు పడవకి తారు పుయ్యడం కన్నా కష్టం. కానీ నీ మొహం చూస్తూ చెప్పడం ఇంకా కష్టం.

నిన్న నువ్వు చెప్పినట్టే పండగ నమాజు అవగానే నవాల్ పిల్లలిద్దర్నీ తీసుకుని మన్షియ్యా చౌకుకి వెళ్ళాను. నవాల్ తెల్లారేసరికే షురేక్ రొట్టెలు కాల్చి బుట్టలో సర్దింది. ఊరంతా తమవాళ్ళ సమాధుల దగ్గర పంచుతారు. సముద్రంలో పోయిన మీ ఆయన గాబిర్‌కి సమాధి లేదు, అందుకని నువ్వు ఏటా ఆ పేరు లేని నావికుడి స్మారకం మెట్ల మీదే పంచుతావు. ఇరవై అయిదేళ్ళలో నేను ఒక్కసారీ నీ వెంట రాలేదు. ఒక పండక్కి పన్ను నొప్పి, ఇంకో పండక్కి నడుం పట్టింది. ఈసారి నువ్వు ఊళ్ళో లేవు, తప్పించుకోవడానికి నాకు ఒంట్లో ఏ భాగమూ మిగల్లేదు.

ట్రాములో వాయిల్ మొదలుపెట్టాడు.

"తాతా, గాబిర్ తాత ఆ రాయి కింద ఉన్నాడా?"

"లేడురా, చేపల్లో ఉన్నాడు. అమ్మమ్మే చెప్పింది," అంది మర్వా. దానికి ఎనిమిదేళ్ళు, అన్నీ తెలుసు.

"మరి మనం చేపలు తింటాం కదా?"

ట్రాములో సగం మంది మావైపు తిరిగారు. "నోరు ముయ్యండర్రా," అన్నాను. "పక్కనున్న పిన్నిగారు ఇంటికెళ్ళి ఉప్పు చేప తినాలి." ఆ పిన్నిగారు నన్ను చూసిన చూపుకి మా పడవలకి పెచ్చులు ఊడతాయి.

ఆ తెల్ల స్తంభాల్ని ట్రాములోంచి వేలసార్లు చూశాను. కానీ వాటి కింద నిలబడి తల ఎత్తడం వేరు వదినా. ఎదురుగా సముద్రం, వెనక అర్ధచంద్రంలా ఆ స్తంభాలు. అంత పెద్ద చౌకులో బళ్ళ హారన్లు మోగుతున్నా అక్కడ మాత్రం ఎవరో చెవుల మీద చెయ్యి పెట్టినట్టుంది. నిమిషం కూడా కుదురుగా ఉండని మన వాయిల్, ఎవరూ చెప్పకుండానే, మసీదు గుమ్మంలో విప్పినట్టు చెప్పులు విప్పాడు. వాడి అక్క మర్వా కూడా విప్పింది. నేనూ విప్పాను.

పైన కాపలాకి ఒక కుర్ర నావికుడు నిలబడున్నాడు, తెల్లబట్టలు, చేతికి తొడుగులు. కదలడు. నా భయం పిల్లలకి తెలియకూడదని నా పాత బుద్ధి బయటికి తీశాను. "వీణ్ణి నవ్విస్తాను చూడండి," అన్నాను. ఒంటె నమిలినట్టు నమిలాను, మీ అక్కలా కుంటుతూ నడిచాను, పళ్ళసెట్టు తీసి మళ్ళీ పెట్టుకున్నాను. వాడి రెప్ప ఆడలేదు. నా జన్మలో నాకు లొంగని మొదటి మొహం అది. నాకే సిగ్గేసి ఆపేశాను.

అప్పుడు మర్వా వెళ్ళి వాడి ముందు రొట్టె పట్టుకుని నిలబడింది. వాడు తీసుకోలేదు. ఇది కదల్లేదు. ఎంతసేపో తెలీదు, ఒక చెయ్యి నొప్పెడితే రొట్టె ఇంకో చేతిలోకి మార్చుకుంది, దించలేదు. చివరికి ఇంకో నావికుడు వచ్చి వాడి చోటు తీసుకున్నాడు. మెట్లు దిగగానే వాడు తొడుగులు విప్పి, రెండు చేతులా రొట్టె అందుకున్నాడు.

"ఎవరి పేరు మీదమ్మా?"

"గాబిర్ అబ్దుల్ హలీం. మా తాత."

వాడు పోయినవాడి కోసం ఫాతిహా చదువుతాడనుకున్నాను, చదివాడు. కానీ తర్వాత వెనక్కి తిరిగి మెట్లెక్కాడు. ఆ రాయి ముందు మడమలు కలిపి, పొద్దున్నే పడవ మీద హాజరు పిలుస్తారే, అలా గట్టిగా పిలిచాడు. "నావికుడు గాబిర్ అబ్దుల్ హలీం." ఒక్క క్షణం ఆగి, ఆ జవాబూ వాడే ఇచ్చాడు. "హాజర్."

పాతికేళ్ళ కిందట నౌకాదళం పడవ మీద నా పక్కనే నిలబడి ఆ మాట అన్న గాబిర్ గొంతు అచ్చం అలాగే ఉండేది వదినా. చుట్టూ రొట్టెల కోసం చేరిన పిల్లలు కూడా నమలడం మానేశారు.

అప్పుడు వాయిల్ నా చొక్కా లాగాడు. "తాతా, నీ పేరు కూడా పిలవమను. నువ్వూ అదే పడవ కదా."

వాడికేం చెప్పను? అందుకే నీకు చెబుతున్నాను.

ఆ రోజు మా ఇద్దరికీ సెలవు వచ్చింది. గాబిర్ సెలవు చీటీ నేను దాచాను. ఏడిపించి, బతిమాలించుకుని, కాసేపయ్యాక ఇచ్చేద్దామని. చీటీ నా టోపీలో పెట్టుకుని నేను దర్జాగా రేవు గేటు దాటాను. బయట టీ కొట్టులో కూచుని రెండు టీలు చెప్పాను, వాడు తిట్టుకుంటూ వస్తాడని. వాడు రాలేదు. ఉన్నట్టుండి హుకుం వచ్చి పడవ కదిలిపోయింది. వాడి టీ చల్లారేవరకూ నేను నవ్వుతూనే ఉన్నాను వదినా.

ఆ పడవ మళ్ళీ ఒడ్డుకి రాలేదు, మిగతాది నీకు తెలుసు. వాడు చీటీ కోసం వెతికిన పొద్దుటి సంగతి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఇన్నేళ్ళూ నీ ఇంట్లో కుళాయిలు బాగుచేసి, నీ మనవళ్ళని భుజాన మోసి, నీకు ఈ మాట చెప్పలేదు. ఇక రావద్దంటే రాను.

ముర్సీ

*

సూయజ్
బుధవారం

మరిదీ,

నీ ఉత్తరం అక్క చూడకుండా చదివాను. ఆవిడ కుంటుని వెక్కిరించిన చోటు దాకా వచ్చి నవ్వు ఆపుకోలేక దొరికిపోయాను. ఆ తర్వాత భాగానికి ఆవిడే నాకు నీళ్ళు తెచ్చిచ్చింది, ఆ కాలితోనే.

చీటీ సంగతి నాకు ఆయన పోయిన నలభయ్యో రోజునే తెలుసు. ఆ టీ కొట్టావిడ పరామర్శకి వచ్చి చెప్పేసింది. రెండో టీ ఎవరికని అడిగితే టోపీ ఎత్తి అందులో చీటీ చూపించావట. ఆవిడ వెళ్ళాక నీ పేరు పెట్టి గోడని తిట్టాను. నువ్వు ప్రతి శుక్రవారం వస్తే తలుపు తీసేదాన్ని. ఎందుకు తీశానో చెప్పనా? నువ్వు నా ఎదురుగా కూచుని, తండ్రి లేని నవాల్‌ని చూస్తూ కుమిలిపోవాలని. నిన్ను అలా ఏడేళ్ళు కాల్చాను. నాకు తెలియదని నువ్వనుకున్నావు, నాకు తెలుసని నీకు అర్థమైందేమోనని నేననుకున్నాను. ఎప్పుడు చల్లారానో నాకే గుర్తు లేదు. నవాల్‌కి టైఫాయిడ్ వచ్చినప్పుడు అనుకుంటాను, ఆసుపత్రి వరండాలో దాన్ని నవ్వించడానికి నువ్వు బోర్లా పడ్డావు చూడు, అప్పుడు.

క్షమించావా అని అడక్కు. నాకూ తెలీదు. గుమ్మం మాత్రం నీది, పైగా కుళాయి మళ్ళీ కారుతోంది.

కానీ ఒక్క విషయంలో నిన్ను నిజంగా కొట్టాలనుంది. ఆయన ఎలా పోయాడో నాకు పదిమంది చెప్పారు. అధికారి చెప్పాడు, ఇమాం చెప్పాడు. ఆ పొద్దున ఎలా ఉన్నాడో చెప్పగలిగినవాడివి ఈ భూమ్మీద నువ్వొక్కడివే. అది కడుపులో పెట్టుకుని పాతికేళ్ళు నా ఎదుట కూచుని పప్పు తిన్నావు. నవాల్‌కి నాన్నంటే గోడ మీది ఫోటో. పిల్లలకి తాతంటే చేపలు.

వచ్చే శుక్రవారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. మర్వానీ వాయిల్‌నీ వెంటబెట్టుకుని స్టేషనుకి రా. నవాల్‌ని కూడా రమ్మను. కథలు కట్టడానికి నువ్వు పెట్టింది పేరు, ఈ ఒక్కటీ కట్టకు. పరుపు ఎత్తాడా, బూట్లు దులిపాడా, నీ మీద అనుమానం వచ్చిందా, నిన్ను ఏమని తిట్టాడు, ఒక్క మాట వదలకుండా చెప్పాలి. పిల్లల ముందు బూతులు ఎలాగని సంకోచించకు. ఆయన తిట్లు విని చాలా కాలమైంది.

ఇన్సాఫ్