ఊటరాతి ఈగలు

ఫిబ్రవరి 16, హిందూపురం

ఇది కొత్తదే. మళ్లీ మళ్లీ చూశాను. మైక్రోస్కోప్ కింద పొట్ట చివర రెండు కొక్కేలు — ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, పొట్టిది ఎడమకి తిరిగి ఉంది. నా దగ్గరున్న పుస్తకాల్లో ఏ కాడిస్ ఈగకీ ఇలా లేదు. నువ్వుగింజంత కూడా లేని ఒళ్లు, రెక్కల నిండా వెంట్రుకలు. తెలియనివాళ్లు చిన్న చిమ్మట అనుకుంటారు. పెనుకొండలో, రైతు నరసింహులు చేను వెనక కొండవాలున ఊటరాయి దగ్గర, నా దీపానికి వచ్చింది. వానే సరిగా పడని ఈ సీమలో, నీళ్లలో పెరిగే ఈగ... కొత్త జాతి.

మగది ఒక్కటే. మిగతావన్నీ ఆడవి. ఆడవాటికి ఈ కొక్కేలుండవు, వాటిని చూసి జాతి తేల్చలేం.

బెంగళూరుకి, మా గైడ్ సార్‌కి ఫోన్ చేశాను. సంతోషించారు. వెంటనే — "ఒక్కదాంతో పేపరు పంపితే ఏమంటారో తెలుసు కదమ్మా పర్వీన్. వంకరగా పుట్టిందేమో అంటారు. ఇంకో మగదాన్ని పట్టుకో."

ఫిబ్రవరి 18

తన బోరు బండి పని ముగించుకొచ్చి తమ్ముడు బాషా కూడా లెన్సులో కన్ను పెట్టి చూశాడు. "దోమ కన్నా చిన్నదుండాది. దీనికేనా అక్కా అన్నం కూడా తినకుండా మురిసిపోతాండావు!" నవ్వాడు. నేనూ నవ్వాను.

ఫిబ్రవరి 23, పెనుకొండ

సాయంత్రం ఊటరాయి. తెల్లగుడ్డ కట్టి దీపం పెట్టాను. ఆడవే వచ్చాయి. రాతి మీద జారే నీటి పొర పలచబడింది. పోయిన నెల నా పాదం తడిసేది.

నరసింహులు భార్య లక్ష్మమ్మ పైకొచ్చి పక్కన కూర్చుంది. రాతికి అంటుకున్న ఈగపిల్లల గూళ్లు చూపించాను — ఇసుక రేణువులు, వాటిని పట్టి ఉంచే సన్నటి దారం. ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి, దారం అనగానే వంగి చూసింది.

"ఇదీ పట్టేనా మేడమ్?"

"పట్టే. నీళ్లలోనే తీస్తాయి."

"మా పట్టుపురుగులు ఆకు లేకుంటే తీయవు. ఇవి నీళ్లు లేకుంటే తీయవేమో."

వాళ్ల పాత బోరు కాసేపు పోసి ఆగిపోతోంది. మల్బరీ తోట పసుపెక్కింది. షెడ్డులో పట్టుపురుగులు ఆఖరి జ్వరం — చివరిసారి చర్మం విడవడం — దాటాయట, బాగా మేసే సమయం ఇదే. దిగేటప్పుడు నరసింహులు చేను చివర, ఊటకి సరిగ్గా కింద, సున్నంతో గీసిన గుర్తు చూపించాడు. "ఈడ కొత్త బోరు ఏయిస్తాండాము మేడమ్. మీ తమ్మునికే చెప్పినా."

బస్సులో ఇంటిదాకా ఆ గుర్తే కళ్ల ముందు.

ఫిబ్రవరి 24

బాషాతో గొడవ. అమ్మ వంటింట్లోంచి "ఏందే అరుపులు" అంటోంది. ఆ చోట బోరు దిగితే ఊట ఆగిపోతుందని చెప్పాను. ఒక్క వారం ఆగమన్నాను. మగది దొరికితే చాలు.

"ఆయప్పకి ఏం చెప్పాల? మా అక్క ఈగలు పట్టుకోవాలంట, ఆగప్పా అనాల్నా?"

"ఏదో ఒకటి చెప్పు."

నా ముందే ఫోన్ తీశాడు. "నరసింహులన్నా, బండి కంప్రెసర్ పోయిందన్నా. సామాను బెంగళూరు నుంచి రావాల."

వాడు బేరంలో కూడా అబద్ధం ఆడడు.

ఫిబ్రవరి 27

కాలేజీలో పాఠాలు చెప్పడం అయ్యాక నేరుగా పెనుకొండ బస్సు. గాలి ఎక్కువ. గుడ్డ నిలవలేదు. ఏమీ రాలేదు.

మార్చి 2

రంజాన్ మొదటి ఒక్కపొద్దు. ఊటరాయి దగ్గరే ఉన్నాను — ఇఫ్తార్ వేళ, దీపం పెట్టే వేళ ఒకటే. ఖర్జూరం నోట్లో వేసుకున్నాను. సీసాలో నీళ్లు బస్సులోనే ఒలికిపోయాయి. లక్ష్మమ్మ చెంబుతో పైకొచ్చింది. "ఒక్కపొద్దుండావంట కదా. తాగు మేడమ్."

తాగాను. ఆమె గుడ్డ మీది ఈగల్ని చూస్తూ — "బండి చెడిపోయిందంట. మా కర్మ. ఆకు యాడన్నా కొందామని ఎర్రమంచి దాకా పోయొచ్చినాడు. యాడా లేదు. పురుగులు తలలెత్తి చూస్తాండాయి మేడమ్, ఆకేస్తామేమోనని. షెడ్డులోకి పోబుద్ధి కాదు."

చెప్పాల్సింది అప్పుడు. బండి బాగానే ఉంది, నేనే ఆపించానని. చెంబు ఖాళీ చేసి ఇచ్చాను.

మగది రాలేదు.

మార్చి 4

నరసింహులు పురుగుల్ని తట్టలతో సహా గుంటలో పోశాడు. బాషా చెప్పాడు. గడప దగ్గర నిలబడి, నా మొహం చూడకుండా. "సగం బతికే ఉన్న్యాయంట."

మార్చి 6

నరసింహులు ఇక ఆగలేదు. చిలమత్తూరు వైపు నుంచి ఇంకో బండి తెప్పించుకున్నాడు. అదే చోట బోరు వేశారు. నీళ్లు పడ్డాయి. బాషా ఫోన్‌లో వీడియో — తెల్లగా పైకి లేస్తున్న నీళ్లు, కింద తడుస్తూ నరసింహులు, కొంగు అడ్డం పెట్టుకుని లక్ష్మమ్మ. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"వారం ముందే నేను ఏసుంటే పంట నిల్చేది కదక్కా."

అంతే అన్నాడు.

మార్చి 9, పెనుకొండ

ఊటరాయి ఎండిపోయింది. మధ్యలో నల్లటి మరక, వేలు పెడితే చల్లగా ఉంది, అంతే. గూళ్లు రాతికి అంటుకునే ఉన్నాయి. గోటితో తాకితే పొడిపొడిగా రాలుతున్నాయి. మూతలు మూసుకున్నవి కొన్ని ఏరి సీసాలో వేసుకున్నాను. కింద తోటలో నీళ్లు పారుతున్న చప్పుడు. మల్బరీ మోళ్లకి కొత్త చిగుళ్లు. లక్ష్మమ్మ చెయ్యూపింది. నేనూ ఊపాను. కిందికి వెళ్లలేదు.

మార్చి 15

దొరికింది. మూసుకున్న గూడొకటి సూదితో విప్పితే లోపల పూర్తిగా తయారైన ఈగ. రెక్కలు మడిచి ఉన్నాయి. ఇంకొక్క రోజు నీళ్లుంటే బయటికొచ్చేదేమో. లోపలి కండ కరగడానికి కాస్టిక్ నీళ్లలో నానబెట్టి, శుభ్రం చేసి, లెన్సు కింద పెట్టాను. రెండు కొక్కేలు. పొట్టిది ఎడమకి.

మగదే. వంకరగా పుట్టింది కాదు. జాతే అలాంటిది.

సార్ ఫోన్‌లో దాదాపు అరిచారు. "ఇంకేమమ్మా! రాసెయ్. పెనుకొండ పేరు పెట్టు."

సంతోషం రావాలి కదా. చేతులు కడుక్కున్నాను. ఇఫ్తార్‌కి అమ్మ గంజి పోసింది. తాగలేకపోయాను.

మార్చి 22

బొమ్మలు వేస్తున్నాను. రెక్క, కొమ్ము, కొక్కేలు. 'దొరికిన చోటు' అన్న దగ్గర పెన్ను ఆగుతోంది.

మార్చి 31

పండగ. బాషా కొత్త చొక్కా వేసుకున్నాడు, సేమ్యా తిన్నాడు, అగళిలో బోరు పని ఉందని వెళ్లిపోయాడు. పండగపూట కూడా. ఎప్పుడూ "ఏమక్కా, నీ ఈగలెట్లుండాయి" అనేవాడు. ఇప్పుడు అడగడం మానేశాడు.

ఏప్రిల్ 13, పెనుకొండ

కొండకి అవతలి వైపు. ఎండకి కళ్లు మండుతున్నాయి. వెనక్కి తిరుగుదామనుకుంటుంటే రెండు బండల మధ్య చీలిక — చీలిక పొడవునా పాచి, పచ్చగా. చెయ్యి పెట్టాను. తడి. మోకాళ్ల మీద కూర్చుని లెన్సుతో చూశాను. గూళ్లు. కదులుతున్నాయి. తలలు బయటపెట్టి పాచిని గీకుతున్నాయి.

ఎంతసేపు అలాగే ఉన్నానో. ఏడ్చాను. ఈ వయసులో, కొండ మీద ఒక్కదాన్నే.

ఎవరికీ చెప్పలేదు. సార్‌కి కూడా.

ఏప్రిల్ 27

మధ్యాహ్నం లక్ష్మమ్మ ఫోన్. ఇన్నాళ్లకి.

"మేడమ్, కొత్త బోరు కూడా నిల్చిపోయ. గాలి వస్తాండాది, దుమ్ము వస్తాండాది. మళ్లా పురుగులు తెచ్చినాము. మా ఆయప్ప రెండు దినాల్నుంచి సరిగా మాట్లాడ్డంల్యా. నాకు బయమైతాండాది."

ఊఁ కొట్టాను.

"కొండంతా నువ్వే తిరిగినావు కదా. తేమ యాడుండాదో నీకు తెలిసినట్ల ఎవురికీ తెలీదు. ఈతూరి నువ్వు చూపించు మేడమ్. నువ్వు చెప్పిన చోటే ఏస్తాము."

ఆలోచించి చెప్తానన్నాను. చీలిక కింద ఉన్నది కూడా వాళ్ల మెట్టచేనే. అది నాకు ముందే తెలుసు.

ఏప్రిల్ 28

అక్కడా బోరు పడితే ఇక ఈ జాతి ఎక్కడుందో నాకు తెలియదు. అసలు ఇంకెక్కడా లేదేమో. చెప్పకపోతే... గుంటలో పోసిన పురుగులు. రెండు దినాల్నుంచి మాట్లాడని మనిషి. చెప్పినా ఆ చీలికలో చేనుకి చాలినన్ని నీళ్లున్నాయని ఎవరు చెప్పగలరు?

లక్ష్మమ్మ మళ్లీ చేసింది. క్లాసులో ఉన్నాను. క్లాసు అయ్యాక కూడా తిరిగి చేయలేదు.

ఏప్రిల్ 30

పొద్దున్నే బాషా నా గదిలోకి వచ్చాడు. నెలరోజుల తరవాత. మైక్రోస్కోప్ పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"రేపు పెనుకొండకి బండి తీస్కపోతాండా. వాళ్ల దగ్గర ఏమీ తీసుకునేది లేదులే, ఊరికే ఏసిస్తా. యాడ దించేదో అక్కని అడుగు అన్నాడు నరసింహులన్న."

నేను స్లయిడు సర్దుతున్నాను.

"నీకు తెలుసా అక్కా, తెలీదా? అదొక్కటి చెప్పు."

నా మొహమే చూస్తున్నాడు. అమ్మ టీ తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి వెళ్లింది. వాడు గ్లాసు ముట్టుకోలేదు.