బొమ్మలిచ్చే రోజు

నవంబరు 14, శుక్రవారం సాయంత్రం

చిరంజీవి బొంగరానికి,

నీకంటే ఆరు నెలలు పెద్దదాన్ని కాబట్టి ముందుగా దీవెనలు. ఇక్కడ మోకాళ్లు తప్ప మిగతా నేనంతా క్షేమం. పద్దెనిమిదేళ్లుగా నువ్వు ఉత్తరం ముక్క రాయకపోయినా నాకు కోపం లేదు. ఉంది, కానీ ఇవాళ సంతోషం పట్టలేక దాన్ని పక్కన పెట్టాను.

మనం చదివిన కాలేజీలోనే బొమ్మల గ్యాలరీ చూసుకునే ఉద్యోగం నాది. మన రోజుల్లోలాగే ఇప్పటికీ సెమిస్టరు మొదట్లో అందరూ వరసకట్టి, కార్డు మీద సంతకం పెట్టి, తలా ఒక బొమ్మ తమ గదికి పట్టుకెళ్తారు. పిల్లలే కాదు, వంటవాళ్లూ లాబువాళ్లూ కూడా. సెమిస్టరు చివర తెచ్చిస్తారు. తగిలించుకోవడానికి మేకు కూడా నేనే ఇస్తాను కాబట్టి నన్ను మేకులక్క అంటారు.

కిందటి నెల కొత్త ప్రిన్సిపాలుగారు వచ్చారు. వచ్చీ రాగానే, కాలేజీ బొమ్మలేమిటి, హాస్టళ్లలో తిరగడమేమిటి అన్నారు. మొత్తం నూట నలభై బొమ్మలూ ఈ శుక్రవారానికల్లా గోడల మీద కనబడాలనీ, ఒక్కటి తగ్గినా ఈ ఇవ్వడాలకు మంగళం పాడేస్తాననీ హుకుం జారీచేశారు. నా ప్రాణం ఉసూరుమంది. తాళం వేసిన హాలుకు కాపలా కాయడానికా ఇన్నేళ్లు నేనిక్కడ ఉన్నది?

తోపుడు బండి వేసుకుని గది గదికీ తిరిగాను. ఎన్ని చూశాననుకున్నావు! కెమిస్ట్రీ లాబువాళ్లు సముద్రం బొమ్మను గాజుసామాను కడిగే తొట్టి పైన తగిలించుకున్నారు. ఇంటి మీద బెంగతో వచ్చిన కొత్తలో ఏడుస్తూ ఉండిపోయిన ఒకమ్మాయి, మంచానికి ఎదురుగా ముసలావిడ బొమ్మ పెట్టుకుని రోజూ ఆవిడతో కబుర్లు చెబుతుందట. ఇవ్వనని మొరాయించింది. మెస్సు వంటాయన గుర్రం బొమ్మను తుడిచి తుడిచి తోక దాదాపు మాయం చేశాడు. ఇదేమిటయ్యా అంటే, మసి పడితే గుర్రానికి దగ్గొస్తుందని నాకే పాఠం చెప్పాడు. అవన్నీ బండిలోకి ఎక్కిస్తుంటే ఒకరి ఇంట్లో దీపం ఆర్పుతున్నట్టు అనిపించింది.

ఇవాళ ప్రిన్సిపాలుగారు వచ్చి ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. వరండా నిండా జనం. నూట నలభై! ఆయన నమ్మక మళ్లీ లెక్కపెట్టారు. మళ్లీ అంతే. ‘వాన వెలిసిన వీధి’ బొమ్మ దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయి, గొంతు తగ్గించి, ప్రిన్సిపాళ్లకు కూడా బొమ్మలిస్తారా అని నన్ను అడిగారు. కార్డు తీసి ముందు పెట్టాను. ఆయన సంతకం పెట్టగానే పిల్లలు వేసిన కేకలకు కిటికీ అద్దాలు అదిరాయి. వంటాయన ఆయన్ని అమాంతం కౌగిలించుకున్నాడు. వచ్చే నెల ఒకటిన ఎప్పటిలాగే బొమ్మలిచ్చే రోజు. నా ఆనందానికి హద్దు లేదనుకో.

ఉంటాను మరి,
నీ పాత రూమ్మేటు, ఇప్పటి మేకులక్క

తా.క.: అసలు సంగతి ఇది. వెనక్కి వచ్చినవి నూట ముప్పైతొమ్మిదే. ‘వాన వెలిసిన వీధి’ పద్దెనిమిదేళ్ల కిందటే నీ పెట్టెలో వెళ్లిపోయింది. ఆ పెట్టె మూత పడక, మీద కూర్చుని మరీ నొక్కింది నేనే కదా, చూడనా? మొహం చెల్లకే నువ్వు ఉత్తరాలు మానేశావనీ తెలుసు. అడిగితే దొంగతనమైపోతుందని అడగలేదు. సెమిస్టరుకోసారి నీ కార్డు మీద గడువు పొడిగిస్తూ వచ్చాను. ప్రిన్సిపాలుగారు మనసు పారేసుకున్నది నేను మూడు రోజులు కూర్చుని గుర్తున్నంత మటుకు వేసింది. రంగు సరిగ్గా ఆరనే లేదు, ఆయన చొక్కా చేతికి కాస్త నీలం అంటింది. ఎవరికీ చెప్పకు.

బొమ్మ నీ దగ్గరే ఉంచుకో. ఒకటో తారీఖుకి నువ్వు రా, చాలు.