మూడో లైలా

ఉమ్ సలాల్, శుక్రవారం, 1996

మా అరబ్బు యజమాని ఫారంలో చీతా చనిపోయిందని తెలిస్తే ఆయన తల్లి బాధపడుతుందని, కొత్తదాన్నీ లైలా అనే పిలుస్తాం.

ఈ రోజు పశువుల డాక్టరు గారు వచ్చారు, గుంటూరాయన. ఇళ్ళలో పెంచే చీతాల వివరాలన్నీ ఒకే పుస్తకంలోకి ఎక్కిస్తున్నారట, ఆ జాతి అంతరించిపోకుండా.

"లైలా ఎన్నాళ్ళ నుంచి ఉందయ్యా?"

"నేనొచ్చిన ఏడే తెచ్చిన్రు సార్, ఎనిమిదేండ్లాయె." అలవాటుగా అనేశాను.

"చూస్తే అంత వయసు తెలియడమే లేదే! ఏం పెడుతున్నావు?"

"ఉత్త కోడిమాంసమే సార్."

"కోడితోనే ఇన్నేళ్ళా! మిగతా ఫారాల వాళ్ళకీ అదే పెట్టమంటాను," అని నా భుజం తట్టి రాసుకున్నారు.

అప్పుడైనా ఇది మూడో లైలా అని చెప్పాల్సింది. ఆ మెచ్చుకోలుకు మురిసిపోయి తలూపాను. సిగ్గుతో నిద్ర పట్టడం లేదు. ఆ కోడి తినే కదా, మొదటి రెండూ కాళ్ళు చచ్చుబడి చనిపోయాయి...