బ్రేకు లేని బండి పాసైంది

పటాన్‌చెరు, 1957
మంగళవారం రాత్రి

మా ఆయన మోటార్‌సైకిల్ ఈ ఏడు కూడా సర్కారు బండ్ల పరీక్షలో పాసైంది. యుద్ధం అయ్యాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న ముసలి బండి అది. నిన్నంతా దానికి కొబ్బరినూనె పూసి తళతళలాడించారు గానీ, బ్రేకు సంగతి పట్టించుకోలేదు. పొద్దున సంగారెడ్డికి పోతుంటే బర్రె అడ్డమొచ్చింది. చెప్పులు రోడ్డుకు రాసి ఎలాగో ఆపారు. వెనక కూర్చున్న నాకు ప్రాణం పోయినంత పనైంది.

ఇన్‌స్పెక్టర్ హారన్ కొట్టి విన్నాడు. టాంకు మీద తన ముఖం చూసుకుని మీసం దువ్వుకున్నాడు. ఆ మహానుభావుడి పరీక్ష అంతే. మా వెనక ఒక దర్జీ తెచ్చిన బండికి బ్రేకు పట్టిందంటే చక్రం కదలదు. రంగు పోయిందని దాన్ని మాత్రం తిప్పి పంపాడు.

ఉండబట్టలేక, "సాబ్, మాది బ్రేకు గూడ జెర చూడుండ్రి," అన్నాను.

"ఏంది సేఠ్, మీ ఇంటామె గూడ బండ్ల మిస్త్రీయేనా?" అన్నాడు. మా ఆయన కూడా పళ్లికిలించారు. అంత తెలివితక్కువ నవ్వు నేనెన్నడూ చూడలేదు. ఇద్దరినీ అక్కడే వదిలేసి బస్సెక్కాను.

సాయంత్రం ఆయన ఆ పాసైన కాగితాన్ని దేవుడి పటాల పక్కన పెట్టారు. "సర్కారే పాస్ చేసింది, నీకేం ఎరుక? రేపు బిడ్డను బడికి దీనిమీదనే దిగబెడత," అన్నారు.

బిడ్డకు ఆరేళ్లు.

ఆయన అన్నం తింటుండగా పెరట్లోకి పోయి రెండు టైర్ల గాలీ తీసేశాను. ఎల్లుండి ఏం చేయాలో ఇంకా తోచలేదు.