పద్నాలుగో ప్రశ్న

మే 19, సోమవారం

ఉద్యోగం వచ్చింది! మూడు వారాలదే, అయినా ఉద్యోగమే. మెళ్లో కార్డు, చేతిలో ట్యాబ్. కార్డు మీద నా ఫొటో, కింద భానుప్రియ, ఎన్యూమరేటర్ అని ఉంది. అమ్మ ఆ కార్డును చున్నీ పైకి తీసి సర్ది, అట్టా పాళెమంతా ఒక చుట్టు తిరిగి రా మే అంది. తిరిగొచ్చాను. సిగ్గేం పడలేదు.

బోగోలు మండలం ఒడ్డున పది జాలరి పాళేల్లో రేపటి నుంచి సర్వే. సముద్రం ఒడ్డును కోసుకుంటూ వస్తోంది, బోరు నీళ్లు ఉప్పెక్కాయి, తుఫాన్లు ఎటూ ఉన్నాయి. వీటికి ఏ పాళెం ఎంత దెబ్బతింటోందో చూసి స్కోరు వేస్తారు. స్కోరు ఎక్కువ వచ్చిన నాలుగు పాళేలకే తుఫాను షెల్టరు, మంచినీళ్ల ప్లాంటు. మా పాళెంలో అరవై నాలుగు ఇళ్లు. అన్నీ నావే.

ట్రైనింగులో ఇచ్చిన కాగితంలో 'దుర్బలత్వం' అనే మాట పదిహేను సార్లుంది. మావాళ్లను ఒక్కసారి చూసి ఉంటే ఆ మాట రాయడానికి చెయ్యి వచ్చేది కాదు.

మా ఇంటి ఫారం అప్పుడే నింపేశాను. సొంతింట్లో అడిగేదేముంది?

మే 20

తొమ్మిది ఇళ్లు. పద్నాలుగో ప్రశ్న: గడిచిన ఏడాదిలో మీ ఇంట్లో ఎన్ని రోజులు తిండి చాలలేదు? తొమ్మిది ఇళ్లలోనూ సున్నా.

పెంచలమ్మక్క వాళ్ల పడవ నవంబరు తుఫానులో ముక్కలైంది. ఊరంతటికీ తెలుసు. ఆమె నన్ను కూర్చోబెట్టి, అంగడికి పరుగెత్తి సోడా తెచ్చింది. మా పొయ్యి ఎప్పుడారింది మే, సున్నా రాసుకో అంది. సోడా తాగుతూ రాసుకున్నాను. పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది.

మే 22

ఇరవై ఏడు ఇళ్లయ్యాయి. సూపర్‌వైజర్ ప్రవీణ్ సార్ ఫోన్ చేశారు. మీ పాళెం స్కోరు పంతొమ్మిదేనండీ, పదింటిలోకీ మీరే బాగున్నారు, సంతోషం అన్నారు. నాకూ ఒక్క క్షణం సంతోషమేసింది. ఆ మీదట వెలిగింది. పంతొమ్మిదికి షెల్టరు రాదు.

మా చిన్నప్పుడు మా ఇంటికీ సముద్రానికీ మధ్య మూడు వరసల ఇళ్లుండేవి. ఇప్పుడు ఒక్క వరస ఉంది. నవంబరులో వాళ్లంతా పిల్లల్ని ఎత్తుకుని స్కూలుకు నడిచారు. స్కూలు పైకప్పు కూడా లేచిపోయింది. అయినా బాగున్నామట!

మే 23

ఈ రోజు ప్రతి ఇంట్లోనూ మొత్తుకున్నాను. నిజం చెప్పండి, లేకపోతే షెల్టరు పక్క పాళేనికి పోతుంది అని. అందరూ తలూపారు. అందరూ సున్నా అన్నారు.

ఇంటికొచ్చి అమ్మ మీద అరిచాను. అమ్మ గిన్నెలు తోముతూ తలెత్తకుండా, బయటోళ్ల ముందర ఇంట్లో కుండ బోర్లించి చూపిస్తామా అంది. నేను బయటిదాన్నా అన్నాను. ఆ కార్డు మెళ్లో ఉన్నంతసేపూ బయటిదానివే అంది. పైగా, చదివించింది ఇందుకా అని సణుగుడు. ఈ ఆడవాళ్ల పొగరుకు దణ్ణం పెట్టాలి. నాదీ అదే పొగరు, అది వేరే సంగతి.

మే 24

పది ఇళ్లు. పది సున్నాలు.

మే 26

పేరమ్మత్త ఇంటిని ఇన్నాళ్లూ దాటేస్తూ వచ్చాను. ఆమెకూ అమ్మకూ ఆరు నెలలుగా మాటల్లేవు. ఎండుచేపలు ఆరబెట్టే చోటు దగ్గర పోట్లాట. అమ్మే మొదలుపెట్టింది. ఎందుకో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

పద్నాలుగో ప్రశ్నకు ఆమెదీ సున్నానే. కానీ ఊరుకోలేదు, గొప్పలు మొదలుపెట్టింది. మాకు తక్కువేంది మే, తుఫానప్పుడు పెంచలమ్మోళ్లకి పదకొండు దినాలు గంజి నా పొయ్యి మీదే కాగింది, కావాలంటే దాన్నే అడుగు అంది.

పదకొండు! పెంచలమ్మక్క ఫారంలో సున్నా.

ఇంకో ఇంటికి గూడా తొమ్మిది దినాలు పోస్తిని, వాళ్ల పేరు మాత్రం రాయబాక అంది.

వీధిలోకి వచ్చి నిలబడిపోయాను. ఎంత మొద్దునో నేను. ఇదే పాళెంలో పుట్టి, ఇవే నీళ్లు తాగి, ఈ మాత్రం తట్టలేదు. మావాళ్లు లేదని ఏ రోజూ చెప్పరు. పెట్టింది మాత్రం ఎవరడిగినా చెబుతారు.

మే 27

మళ్లీ మొదటి ఇంటి నుంచి. ట్యాబ్ సంచిలో పెట్టేశాను. చేతిలో నోట్‌బుక్, నోట్లో ఒకే ప్రశ్న: పోయిన ఏడాది మీరు ఎవరెవరికి సాయం చేశారు?

అబ్బబ్బ, ఒక్కొక్కరి మొహాలు చూడాలి! పోటీలు పడి చెప్పారు. ఒకరు ఇరవై రోజులు తాగే నీళ్లు మోసి ఇచ్చారు. ఒకరు డెంగీ వచ్చిన ఇంటి పిల్లలకు వారం రోజులు అన్నం పెట్టారు. గంజి తాగిన ఆ పెంచలమ్మక్కే, ఈ చేపల వేట నిషేధంలో, ఊరికి తీర్పు చెప్పే మా పెద్దకాపు గంగాధరం మామ ఇంటికి ఎండుచేపలు పంపుతోంది. పెద్దకాపు ఇంటికి! ఆయన ఫారంలో సున్నా, పక్కన పెద్ద సంతకం.

మే 29

నోట్‌బుక్ నిండింది. చెయ్యి నొప్పి. గర్వంగా ఉంది, ఏడుపూ వస్తోంది.

జూన్ 1, ఆదివారం

ప్రవీణ్ సార్ వచ్చారు. బోర్లించిన పడవ మీద కూర్చుని నోట్‌బుక్ అంతా చదివారు. ఎదురుగా పెట్టిన టీ చల్లారిపోయింది. చివరికి, ఇచ్చినవాళ్ల మాట ఒక్కటే చాలదండీ, తీసుకున్నవాళ్లూ ఒప్పుకోవాలి, అప్పుడే స్కోరు మారుతుంది అన్నారు.

పక్కనే ఉన్న గంగాధరం మామ నవ్వాడు. చచ్చినా ఒప్పుకోరు సార్, నా మాదిరిగా అడగనీండి అన్నాడు. ఊరందరినీ ఒడ్డు మీద కూర్చోబెట్టి, పోయినేడు పక్కింటికి పెట్టినోళ్లు లెయ్యండి అన్నాడు.

ఊరంతా లేచింది. ముసలివాళ్లు కూడా పక్కవాళ్ల భుజం పట్టుకుని లేచారు. ఇసకలో కూర్చుని మిగిలింది ప్రవీణ్ సార్ ఒక్కరే.

అందరూ ఇచ్చినవాళ్లయితే తీసుకున్నదెవరండీ అని ఆయన అడిగారు. పెంచలమ్మక్క కిసుక్కున నవ్వింది. ఆ నవ్వుతో అందరూ నవ్వేశారు. లేచి నిలబడినోళ్లే సార్ అన్నాడు మామ. గాలొస్తే తట్టుకుంటాం, నీళ్లు ఉప్పైతే మోసుకుంటాం, జరమొస్తే మూలుగుతా పడుంటాం, మూడూ ఒకే వారంలో వస్తేనే నడుం ఇరిగేది, అప్పుడు గూడా అందరి నడుమూ ఒకే రోజు ఇరగలా, అందుకే మిగిలుండాం అన్నాడు.

ఎవరు ఎవరికి ఎన్ని రోజులు పెట్టారో నేను ఒక్కో పేరూ చదివాను. ఎవరూ కాదనలేదు. కొందరు రోజులు తక్కువ చెప్పావని నన్నే దిద్దారు. నా జన్మలో నేను ఇంత గర్వపడలేదు. మా వాళ్లు!

జూన్ 10

స్కోరు డెబ్బై ఎనిమిది. పదింటిలో మొదటిది.

కానీ ఫోన్లో సార్ గొంతులో సంతోషం లేదు. అరవై మూడు ఇళ్లు సరిపోయాయట. ఒక్క ఇంటికి మాత్రం తేదీ సర్వే కంటే ముందుది, నింపిందీ సంతకం చేసిందీ ఒకే మనిషి, చెకింగులో దొరికితే పాళెం మొత్తం ఫారాలూ పక్కన పడేస్తారు అన్నారు. రేపు ఉదయానికి సరిచేసి పంపాలి.

ఆ ఇల్లు మాదే. ఊరందరినీ వెయ్యి అడిగాను, మా అమ్మను ఒక్క ముక్క అడగలేదు.

జూన్ 11, ఉదయం ఆరు

అమ్మ ముందు ట్యాబ్ పట్టుకుని కూర్చున్నాను. పద్నాలుగో ప్రశ్న చదివాను. అమ్మ నా మెళ్లోంచి కార్డు తీసి మేకుకు తగిలించింది.

తొమ్మిది దినాలు అంది.

నవంబరులో. తుఫాను, నాయనకు డెంగీ, బోరు మునక, అన్నీ ఒక్కసారే. నేను కావలి హాస్టల్లో పరీక్షలు రాస్తున్నాను. ఫోన్లో రోజూ తిన్నావా అని అమ్మే అడిగేది. అంతా బాగుండాది, నువ్వు చదువుకో అనేది. ఆ తొమ్మిది రోజులూ పేరమ్మత్త వానలో దొడ్డిదారిన గంజి తెచ్చిందట, ఎవరి కంటా పడకుండా.

మరి ఆమెతో పోట్లాట ఎందుకమ్మా అన్నాను. పెట్టిన మనిషి మొగం రోజూ చూళ్లేకపోతిని మే అంది. అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సున్నా కొట్టేసి తొమ్మిది రాశాను. సంతకం అమ్మ చేసింది, పేరు పూర్తిగా, అంకాలమ్మ అని.

జూన్ 18

లిస్టులో మా పాళెం మొదటిది.

వేట మొదలైంది. అమ్మ ఎండుచేపలు ఆరబెట్టే తన పట్టాను పేరమ్మత్త పట్టా పక్కనే పరిచింది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. కాకుల్ని మాత్రం కలిసి తోలారు.